ఆబిడ్స్ అంతస్తు ఎందుకు దిగింది?

1983లో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయ్యాక ఆయన్ను చూడాలని జిల్లాల నుంచి వచ్చిన జనం తెల్లవారకముందే ఆబిడ్స్‌ చేరేవారు. ఆయన ఇల్లు అక్కడే, ఆయన కుటుంబానికి చెందిన రామకృష్ణ థియేటరూ అక్కడే. 1996 జనవరి 18న ఆయన కన్నుమూసింది మాత్రం బంజారాహిల్స్ ఇంట్లో. ఒక మనిషి ఇల్లు మారడం పెద్ద విశేషం కాదు. కానీ ఆ పదమూడేళ్లలో హైదరాబాద్ డబ్బూ, పలుకుబడీ కూడా అదే దారి పట్టాయి. ఆ తర్వాత ముఖ్యమంత్రుల చిరునామాలు చాలావరకు బేగంపేట, జూబ్లీహిల్స్ చుట్టూనే తిరిగాయి.

ఆబిడ్స్, కోఠి, సుల్తాన్‌బజార్, గన్‌ఫౌండ్రీ, బషీర్‌బాగ్. రెండు మూడు తరాల కిందట హైదరాబాద్‌లో దర్జాగా తిరగాలంటే ఇవే పేటలు. పెళ్లి బట్టలకు, కొత్త సినిమాకు, ఇంగ్లిష్ పుస్తకానికి, పిల్లల కాన్వెంట్ చదువుకు, నలుగురిలో కనబడాలనే సరదాకు కూడా అక్కడికే వెళ్లేవారు. ఇప్పుడు గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో పెరిగే పిల్లలు ఆ పేర్లు వినడం తాతయ్యల మాటల్లోనే. ‘కాలం మారింది, ఊరు పెరిగింది, అంతే’ అని చాలామంది సరిపెట్టుకుంటారు. ఆ పేటల చరిత్ర చూస్తే అంత తేలిగ్గా సరిపెట్టుకోవడం కుదరదు. హైదరాబాద్‌లో ఏ పేట మెరిసినా వెలిసినా దాని వెనుక పాలకుల నిర్ణయం ఒకటి కనిపిస్తుంది.

మొదటి నుంచీ ఇదే వరస. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్ కట్టి నాలుగు దిక్కులకూ నాలుగు బాటలు వేసినప్పుడు, రాజు కోటకు దగ్గరగా ఉండటమే గొప్ప. చార్‌కమాన్, గుల్జార్‌హౌజ్ పరిసరాల్లో ముత్యాల బేరగాళ్లు, అత్తరు సాయిబులు, అమీర్లు స్థిరపడ్డారు. నిజాంల కాలంలో చౌమహల్లా, పురానీ హవేలీల చుట్టూ జాగీర్దార్ల దేవిడీలు లేచాయి. మూసీకి ఉత్తరాన ఎక్కువగా తోటలు, దండు విడిదులు, ఫిరంగుల కొలిమి ఉండేవి. ఫ్రెంచి సేనాని రేమండ్ పేరుతో ముడిపడిన ఆ ఫిరంగుల కార్ఖానాయే ఇవాళ్టి గన్‌ఫౌండ్రీ.

నది దాటి అటు చూసేలా చేసింది ఇంగ్లిష్ వాళ్లు. 1800 దాటిన తొలి ఏళ్లలో నిజాం కొలువులో ఇంగ్లిష్ ప్రతినిధి, అంటే రెసిడెంట్ అయిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ మూసీ ఉత్తరపు ఒడ్డున రెసిడెన్సీ భవనం కట్టించాడు. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్ దాన్ని గీశాడు. ఎత్తయిన స్తంభాలు, ముఖద్వారం దగ్గర సింహాలు, లోపల దర్బారు హాలు. కిర్క్‌పాట్రిక్ పెళ్లాడిన ఖైరున్నీసా బేగం కోసం వెనుక జనానా తోట. ఆ భవనం చుట్టూ పెరిగిన అంగళ్లే రెసిడెన్సీ బజార్లు. అవి నిజాం రాజ్యం నడిబొడ్డున ఉన్నా అక్కడ నిజాం పోలీసుకు అధికారం లేదు, చెల్లేది రెసిడెంటు మాటే. అందుకే సాహుకార్లు, బ్యాంకులు, విదేశీ సరుకు అమ్మే దుకాణాలు అక్కడికి చేరాయి. 1857 జూలైలో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ తమ దండుతో దాడి చేసింది కూడా ఈ రెసిడెన్సీ మీదే. కోఠి బస్టాండు దగ్గర ఆ తిరుగుబాటుకు గుర్తుగా స్తూపం ఉంది. దాని పక్కన నిలబడి బస్సు ఎక్కేవాళ్లలో ఎందరు దాన్ని చదివి ఉంటారో!

తెలుగువాళ్లు మరిచిపోకూడని సంగతి మరొకటి ఉంది. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టింది ఈ రెసిడెన్సీ బజారులోనే, రావిచెట్టు రంగారావు ఇంట్లో. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దానికి దన్నుగా నిలిచారు. ఫార్సీ, ఉర్దూలదే రాజ్యమైన ఊళ్లో తెలుగు గ్రంథాలయం పెట్టాలనుకున్నవాళ్లకు నిజాం అధికారం చెల్లని నేల కొంత ఊపిరి ఇచ్చింది. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలన్న గస్తీ నిషాన్ 53 వంటి ఆంక్షలు వచ్చాక ఆ వెసులుబాటు విలువ మరింత తెలిసింది. అక్కడికి దగ్గర్లోనే వివేకవర్ధిని విద్యాసంస్థ. 1921 నవంబరులో కార్వే అధ్యక్షతన అక్కడ జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానమే ఆంధ్ర జనసంఘానికి, తర్వాత ఆంధ్ర మహాసభకు బీజం వేసింది. ఇవాళ సుల్తాన్‌బజార్‌లో చీరల బేరమంతా తెలుగులో సాగుతోందంటే దాని వెనుక ఈ చరిత్ర ఉంది.

రెసిడెన్సీ బజార్లు 1933లో తిరిగి నిజాం చేతికి వచ్చాయి. సుల్తాన్‌బజార్ అనే పేరు అప్పుడే స్థిరపడింది.

ఆబిడ్స్ కథ ఇంకా తమాషా. ఆల్బర్ట్ ఆబిడ్ అనే అర్మేనియన్ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఖాసా నౌకరు. ప్రభువు బట్టలు, బూట్లు, గడియారాలు అతని అజమాయిషీలో ఉండేవి. ఒకసారి తొడిగిన బట్ట మళ్లీ తొడగడని పేరుపడిన ప్రభువు ఆయన. ఆ వాడేసిన వస్తువులే ఆబిడ్ దుకాణానికి చేరేవనీ, వాటిని మళ్లీ నిజాంకే అమ్మేవాడనీ పాత హైదరాబాదీలు నవ్వుతూ చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, 1891లో కలకత్తా కోర్టుకెక్కిన జాకబ్ వజ్రం బేరంలో ఆబిడ్ మధ్యవర్తిగా ఉన్న మాట నిజం. నిజాం ఆభరణాలతో పాటు ఆ 184.75 క్యారెట్ల వజ్రాన్నీ 1995లో భారత ప్రభుత్వం కొన్నది. ఆబిడ్ దుకాణం ఏనాడో పోయింది. పేరు మాత్రం పేటకు అంటుకుపోయింది. ఏ నవాబు పేరూ దక్కించుకోని నగరపు నడిబొడ్డును ఒక నౌకరు దక్కించుకున్నాడు!

ఈ పేటలకు అసలు వెలుగు తెచ్చింది వరద. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి పాత నగరాన్ని ముంచేసింది. వేలమంది కొట్టుకుపోయారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా తీసుకున్నారు. ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టి ఇరుకు వాడలు కూల్చారు, రోడ్లు వెడల్పు చేశారు, మోడల్ ఇళ్లు కట్టారు. అంతకు ఏడాది ముందు గద్దెనెక్కిన ఉస్మాన్ అలీఖాన్ చౌమహల్లాలో కాపురం పెట్టకుండా నదికి ఉత్తరాన కింగ్‌కోఠిలోనే ఉండిపోయాడు. 1967లో ఆయన కన్నుమూసిందీ అక్కడే. ప్రభువు ఉన్నచోటికి కొలువు, కొలువు ఉన్నచోటికి అమీర్లు, అమీర్లు ఉన్నచోటికి దుకాణాలు. పాతబస్తీ దర్జా ఒక తరంలో నది దాటింది.

ఆ తర్వాత నలభై, యాభై ఏళ్లు ఆబిడ్స్‌వి. 1935లో నల్లరాతితో మొజంజాహీ మార్కెట్ లేచింది. నగరాభివృద్ధి బోర్డుకు అధ్యక్షుడిగా ఉన్న నిజాం రెండో కొడుకు మొజంజా పేరు దానికి పెట్టారు. లోపల పళ్లు, పూలు, అత్తరు, ఐస్‌క్రీము. నాంపల్లి, కాచిగూడ స్టేషన్ల నడుమ ఈ పేటలు ఉండటం వల్ల రైలు దిగిన ప్రతివాడికీ నగరం అక్కడే మొదలయ్యేది. 1887లో పెట్టిన నిజాం కాలేజీ, సెయింట్ జార్జి చర్చి, దాని బడి, రోజరీ కాన్వెంట్, జమ్రూద్ మహల్, ప్యాలెస్ టాకీసు అన్నీ కాలినడక దూరంలో ఉండేవి. నిజాం కాలేజీ తొలి ప్రిన్సిపాల్ అఘోరనాథ్ చటోపాధ్యాయ ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్ ఇక్కడే ఉంది. ఆయన కూతురు సరోజినీ నాయుడి ఆ ఇంట్లోనే 1974లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం మొదలైంది. ఓరియంట్ హోటల్‌లో మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవులు, చిత్రకారులు, సోషలిస్టులు, చట్టసభల సభ్యులు ఒకే కప్పు చాయ్ మీద గంటలు గడిపేవారు. ఆ హోటల్ ఇప్పుడు లేదు.

అయితే ఆ రోజుల్ని తలచుకుని మురిసిపోవడమే పనిగా పెట్టుకోనక్కర్లేదు. ఆ దర్జా అందరిదీ కాదు. జాగీర్లలో రైతులు కట్టిన పన్నులతో దేవిడీలు నిలిచాయి. 1949 ఆగస్టులో జాగీర్దారీ రద్దయ్యాక ఆ రాబడి ఆగిపోయింది. వారసులు పెరిగారు, వాటాలు చీలాయి, కోర్టు కేసులు నడిచాయి. తోటలు ప్లాట్లయ్యాయి, దేవిడీలు కాంప్లెక్సులయ్యాయి. వైస్రాయిలకు విందులిచ్చిన బషీర్‌బాగ్ ప్యాలెస్ నామరూపాల్లేకుండా పోయి, పేరొక్కటే బస్‌స్టాపుకు మిగిలింది. సామాన్యుడికి ఇందులో మేలూ జరిగింది. రెసిడెన్సీ భవనంలో 1949 నుంచి ఆడపిల్లలు చదువుకున్నారు. కోఠి మహిళా కళాశాలగా తరతరాలకు చదువు చెప్పిన ఆ ప్రాంగణం ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. రెసిడెంటు నాట్యాలు చూసిన హాలులో రైతుబిడ్డలు పట్టాలు పుచ్చుకున్నారు. 1956 నవంబరు 1 తర్వాత కర్నూలు నుంచి వచ్చిన ఉద్యోగులు హిమాయత్‌నగర్, నారాయణగూడ, చిక్కడపల్లి వాటాల్లో కాపురాలు పెట్టి సాయంత్రాలు ఆబిడ్స్ తిరిగారు. అంటే దర్జా పేట మెల్లమెల్లగా అందరి పేట అయింది.

సరిగ్గా అందరిదీ అవుతున్న సమయంలోనే డబ్బున్నవాళ్లు కొండెక్కడం మొదలుపెట్టారు.

బంజారాహిల్స్‌లో తొలి అడుగు వేసిన పెద్దమనిషి మెహదీ నవాజ్ జంగ్. లంబాడీలు తప్ప మరెవరూ ఉండని ఆ రాళ్ల గుట్టల మీద, బండల్ని పగలగొట్టకుండా గోడల్లో కలుపుకుంటూ ఇల్లు కట్టుకున్నాడు. 1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ కొండల్లో అతిథిగా ఉన్నారు. మెహదీ నవాజ్ జంగ్ తర్వాత గుజరాత్‌కు తొలి గవర్నర్ అయ్యారు. 1960లలో చల్లగళ్ల నరసింహారావు చొరవతో జూబ్లీహిల్స్ సహకార గృహనిర్మాణ సంఘం వచ్చింది. ‘అక్కడికి పాలవాడైనా రాడు’ అని నవ్వినవాళ్లున్నారు. 1976 సంక్రాంతికి అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచారు. మద్రాసు నుంచి వచ్చిన సినిమా పరిశ్రమ ఆ చుట్టుపక్కల స్థిరపడింది. 1998 నవంబరులో వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించాక కొండకు అవతలి వాలు కూడా బంగారమైంది. ఈ ప్రతి అడుగులోనూ ప్రభుత్వం ఉంది. సంఘాలకు భూమి ఇచ్చింది సర్కారు, సినిమావాళ్లకు రాయితీ ఇచ్చింది సర్కారు, ఐటీ కంపెనీలకు రోడ్డు, నీళ్లు, కరెంటు ముందుగా తెచ్చిపెట్టింది సర్కారు. మార్కెట్ తన దారిన తాను నడిచి కొండెక్కిందనుకోవడం అమాయకత్వం.

కొత్త పేటలు రావడాన్ని ఎవరూ కాదనలేరు. కోటి దాటిన జనం ఆబిడ్స్ సర్కిల్ చుట్టూ ఇమడరు. సైబర్ టవర్స్ లేకపోతే తెలుగు పిల్లల్లో ఎందరికో ఉద్యోగం దొరికేది కాదన్నదీ నిజం. తప్పు మరోచోట ఉంది. కొత్త ఇంటికి వెళ్లేటప్పుడు ముసలి తల్లిని పాత ఇంట్లో వదిలి, కరెంటు బిల్లు కూడా కట్టని కొడుకులా ప్రభుత్వం ప్రవర్తించింది. దుర్గం చెరువు మీద తీగల వంతెనకు నిధులు దొరికాయి. సుల్తాన్‌బజార్‌లో నడవడానికి అడుగు వెడల్పు ఫుట్‌పాత్‌ దొరకలేదు.

అక్కడికి వచ్చేది ఎవరో ఒక్కసారి చూడాలి. కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రికి, సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆస్పత్రికి, ఉస్మానియాకు రోజూ జిల్లాల నుంచి వచ్చే రోగులు. పోటీ పరీక్షల పుస్తకాలు వెతుక్కునే నిరుద్యోగులు. బడీచౌడీలో బేరమాడి పెళ్లి సామాను కొనే మధ్యతరగతి తల్లులు. ట్రూప్‌బజార్‌లో కరెంటు సామాను కొనే మేస్త్రీలు. జగదీశ్ మార్కెట్‌లో పాత సెల్‌ఫోన్ బాగుచేయించుకునే కుర్రాళ్లు. ఆదివారం దుకాణాలు మూసిన ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాలు పరిచి బతికే వ్యాపారులు, వాటి ముందు గొంతుక్కూర్చునే పాఠకులు. సంపన్నులు వెళ్లిపోయినా ఈ పేటలు ఖాళీ కాలేదు. నగరంలో తక్కువ డబ్బుతో ఎక్కువ పని జరిగే చోటు ఇదే. చదరపు గజానికి ఎంత బేరం, ఎంత బతుకు అని లెక్క తీస్తే గాజు మేడల వీధులు దీని ముందు వెలవెలబోతాయి.

మరి వారసత్వం మాటో? 1995లో నగరాభివృద్ధి సంస్థ హుడా 13వ నిబంధన కింద పాత కట్టడాలకు కొంత రక్షణ కల్పించారు. 2015 డిసెంబరులో ఆ నిబంధనను ఎత్తేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చినా ఆ ఉత్సాహం కాగితం దాటి పెద్దగా రాలేదు. నవాబు ఫఖ్రుల్‌ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్‌ను కూల్చి కొత్త అసెంబ్లీ కడతామని 2019లో అన్నారు. ఆ ఏడాది సెప్టెంబరులో హైకోర్టు అడ్డుకోబట్టి అది నిలిచింది. 2020 జూలైలో పాత సచివాలయంతో పాటు ఆరో నిజాం నాటి సైఫాబాద్ ప్యాలెస్ నేలకూలింది. రాజ్యం మారిన ప్రతిసారీ పాతదాన్ని పడగొట్టి కొత్తదానికి శంకుస్థాపన చేయడం ఇక్కడ ఆనవాయితీ అయిపోయింది. ఏ పార్టీ దీనికి మినహాయింపు కాదు.

తలచుకుంటే బాగుచేయడం కష్టమేమీ కాదని రుజువులు ఈ పేటల్లోనే ఉన్నాయి. దుమ్ము కొట్టుకుపోయి, ప్లాస్టిక్ రేకుల కింద దాక్కున్న మొజంజాహీ మార్కెట్‌ను రెండేళ్లు మరమ్మతు చేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. సాయంత్రాలు అక్కడ ఐస్‌క్రీము కోసం కుటుంబాలు బారులు తీరుతున్నాయి. పాత దుకాణదారులను వెళ్లగొట్టకుండానే ఈ పని జరిగింది. రెసిడెన్సీ భవనానికి వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ సాయంతో ఏళ్ల తరబడి మరమ్మతు సాగింది, కూలిపోతుందనుకున్న దర్బారు హాలు నిలబడింది. బెంగళూరులో చర్చి స్ట్రీట్‌ను 2018లో రాళ్లు పరిచి నడిచేవాళ్లకు అనువుగా మార్చాక ఆ వీధిలో పుస్తకాల షాపులు, కాఫీ హోటళ్లు కళకళలాడుతున్నాయి. అంతకన్నా పాత, అంతకన్నా పెద్ద పుస్తకాల బజారు కోఠిలో ఉంది.

ఇప్పుడు హైదరాబాద్, సికింద్రాబాద్, సైబరాబాద్‌ల తర్వాత నాలుగో నగరం కడతామని ప్రభుత్వం చెబుతోంది. ఫ్యూచర్ సిటీ కోసం ప్రత్యేక సంస్థ కూడా ఏర్పాటైంది. కట్టవచ్చు. అయితే ఆ ఖర్చులో కొంత వాటాను, కొత్త నగరానికి ఇచ్చే అధికారుల శ్రద్ధలో కొంత పాలును మొదటి నగరానికి ఇవ్వాలి. అందుకు కావలసిన పనులు అంత గొప్పవేమీ కావు.

కోఠి, సుల్తాన్‌బజార్, ఆబిడ్స్, మొజంజాహీ మార్కెట్‌లను కలుపుతూ మనిషి నడవగల ఒక తోవ వేయాలి. నాంపల్లి, గాంధీభవన్, సుల్తాన్‌బజార్ మెట్రో స్టేషన్లు చుట్టూ ఉన్నాయి. స్టేషన్ దిగాక నడవడానికి దారే లేదు. తోపుడు బళ్లవాళ్లను, పాత పుస్తకాలవాళ్లను తరిమేయకుండా గీతలు గీసి చోటు చూపాలి. 2017 చట్టం కింద ఈ పేటల్లోని పాత కట్టడాల జాబితాను ప్రకటించి, వాటిని కాపాడుకునే యజమానులకు ఆస్తిపన్నులో రాయితీ ఇవ్వాలి. మొక్కుబడి నోటీసులతో ఏ దేవిడీ నిలవదు, ఖర్చు పంచుకుంటేనే నిలుస్తుంది. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం నూట ఇరవై ఏళ్లు దాటినా పాఠకుల కోసం తలుపులు తెరిచే ఉంచింది. అలాంటి సంస్థలకు ఉత్సవాల నాటి శాలువాలకు బదులు ఏటా బడ్జెట్‌లో ఒక పద్దు ఉండాలి.

ఈ పనులకు కొత్త చట్టం అక్కర్లేదు, విదేశీ కన్సల్టెంటూ అక్కర్లేదు. జీహెచ్ఎంసీ, మెట్రో, వారసత్వ శాఖ ఒక బల్ల ముందు కూర్చుంటే చాలు. వచ్చే బడ్జెట్ చర్చలో ఈ పేటల ప్రజాప్రతినిధులు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: నాలుగో నగరంలో వేసే మొదటి కిలోమీటరు రోడ్డుకు అయ్యే ఖర్చెంత, ఆబిడ్స్ నుంచి కోఠి దాకా ఫుట్‌పాత్ వేయడానికి కేటాయించింది ఎంత? ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి సభలో చదివించాలి.